పది ఆంపియర్ల కాపలాదారు

పొగమంచు రాత్రి కారు దీపం ఒకటి ఆరిపోయింది. రిటైరైన లైన్ ఇన్‌స్పెక్టర్ అడిగిన ప్రశ్న ఒక్కటే: ఎందుకు పోయింది?

ఏపీ ఎక్స్‌ప్రెస్ న్యూఢిల్లీ స్టేషన్‌లో ఆగేసరికి రాత్రి పదయింది. జనవరిలో ఢిల్లీ వచ్చే రైలు వేళకి వస్తే అది వార్త, రాకపోతే మామూలే. బోగీలోంచి దిగిన పెద్దాయన చేతిలో ఒక సంచి, భుజాన మరొకటి. ఒకదాన్లో ఆవకాయ జాడీ, రెండోదాన్లో మనవరాలికి ఆత్రేయపురం పూతరేకులు. తలకి మఫ్లర్, కాళ్లకి మాత్రం హవాయి చెప్పులే. గోదావరి జిల్లాలో డెబ్బై ఏళ్లు బతికిన మనిషికి చలంటే తెల్లవారుజామున కాసేపు ఉండి పోయేది.

కొడుకు అజ్మీరీ గేటు వైపు కారు పెట్టుకుని అప్పటికి రెండు గంటలుగా ఎదురుచూస్తున్నాడు. నోయిడాలో ఒక ప్రైవేటు కంపెనీలో ఉద్యోగం, గ్రేటర్ నోయిడాలో ఫ్లాటు, తొమ్మిదేళ్ల కూతురు. కారు పాతదే, సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. కొన్న వారంలోనే దానికి రెండు అలంకారాలు చేయించాడు. ఒకటి, పాటల కోసం మంచి స్టీరియో. రెండోది, ఎదురుగా వచ్చేవాడు కళ్లు మూసుకోవాల్సినంత కాంతినిచ్చే హెడ్‌లైటు బల్బులు. ఢిల్లీలో బండి నడిపే ప్రతివాడూ ఎదుటివాడి దీపాల మీద కోపంతోనే తన దీపాలు మార్పించుకుంటాడు.

ఐటీవో దాటి, రింగురోడ్డు మీదుగా సరాయ్ కాలేఖాన్ వచ్చి, డీఎన్‌డీ వంతెన ఎక్కారు. "ఇక్కడ డబ్బులు కట్టేవాళ్లం కదరా" అన్నాడు తండ్రి. 2001లో మొదలైన ఆ ఫ్లైవే మీద టోలు వసూలు 2016 అక్టోబరులో అలహాబాద్ హైకోర్టు తీర్పుతో ఆగిపోయింది. ఆయన ఢిల్లీ రావడం ఆ తర్వాత ఇదే మొదటిసారి. భార్య పోయాక కొడుకు ఎన్నిసార్లు పిలిచినా ఏదో ఒక వంక చెప్పి ఊరు కదల్లేదు. ఈసారి కోడలు ఫోన్ చేసి, "మామయ్యగారూ, మీరు రాకపోతే మేమే సెలవు పెట్టి వచ్చి తీసుకొస్తాం" అనేసరికి కదిలాడు.

యమున మీద మంచు అప్పటికే పరుచుకుంటోంది. మహామాయా ఫ్లైఓవర్ దాటి ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కేసరికి ముందున్న లారీ వెనక ఎర్రదీపాలు తప్ప మరేమీ కనిపించడం లేదు. కొడుకు హైబీమ్ వేశాడు. ఎదురుగా తెల్లటి గోడ కట్టినట్టయింది. మంచులో అంతే. గాలిలో వేలాడే నీటి బిందువుల మీద పడిన కాంతి ముందుకి పోదు, తిరిగి డ్రైవరు కళ్లలోకే వస్తుంది. ఎంత పెద్ద దీపమైతే అంత పెద్ద గోడ. తండ్రికి కారు నడపడం రాదు. అయినా ఈ సంగతి చెప్పాడు: "దీపం కిందికి దించరా, రోడ్డు కనిపిస్తుంది."

దించాడు. నిజంగానే కాస్త నయమనిపించింది. రెండు నిమిషాలు గడిచాయో లేదో, ఎడమ పక్క చీకటి పడింది. హెడ్‌లైటు ఆరిపోయింది. ఇప్పుడు ఎదుటివాళ్లకి ఆ కారు ఒంటి దీపపు మోటారు సైకిల్‌లా కనిపిస్తుంది. కుడి దీపం చూసి, దాని ఎడమ పక్కన ఖాళీ ఉందనుకుని దూసుకొచ్చేవాడికి అక్కడ ఖాళీ లేదని తెలిసేసరికి ఆలస్యమైపోతుంది. పొగమంచులో ఒంటి దీపపు కారు చీకటి కారుకంటే ప్రమాదం. చీకటి కారు ఎవరికీ కనిపించదు. ఇది కనిపిస్తుంది, కానీ అబద్ధంగా కనిపిస్తుంది.

అదృష్టం, సర్వీసు రోడ్డులో పెట్రోలు బంకు దగ్గరే ఉంది. మెల్లగా దాన్లోకి దించి, వెలుతురులో ఆపాడు. బంకు పక్కనే పంక్చర్ల షాపు. అందులో మంట వేసుకుని చలి కాచుకుంటున్న ఇరవై ఏళ్ల కుర్రాడు లేచి వచ్చాడు. బానెట్ మీద చేయి వేసి, స్విచ్చి ఒకసారి వేసి తీసి, అర నిమిషంలో తేల్చేశాడు: ఫ్యూజు పోయింది.

స్టీరింగు కింద, డ్రైవరు కుడి మోకాలి దగ్గర ఒక ప్లాస్టిక్ మూత ఉంటుంది. కారు కొన్నవాళ్లలో చాలామంది దాన్ని ఎప్పుడూ తెరవరు. కొడుకూ తెరవలేదు. కారుతో పాటు వచ్చిన పుస్తకం పాత యజమాని పెట్టినట్టే డాష్‌బోర్డు అరలో పాలిథిన్ కవరులో భద్రంగా ఉంది. మూత తీస్తే వరసగా రంగురంగుల ప్లాస్టిక్ ముక్కలు, పిల్లల ఆటవస్తువుల్లా. మూత లోపలి వైపు పటం: ఏది దేనికో, ఎన్ని ఆంపియర్లో. కుర్రాడు ఎడమ దీపం ఫ్యూజు లాగి బంకు లైటుకి ఎత్తి పట్టాడు. ఎర్రటి పారదర్శక ప్లాస్టిక్ లోపల వంపు తిరిగిన సన్నని లోహపు పట్టీ మధ్యలో తెగిపోయి ఉంది. పైన 10 అని అంకె.

కుర్రాడి డబ్బాలో ఎర్రది లేదు. ఆకుపచ్చది ఉంది. దాని మీద 30 అని ఉంది. "ఇది పెట్టేస్తాను సాబ్, జన్మలో మళ్లీ పోదు" అన్నాడు హిందీలో. కొడుకు జేబులోంచి పర్సు తీశాడు. టైము పదకొండున్నర. ఇంటి దగ్గర భార్య అన్నం వండి కూర్చుంది. తండ్రి పొద్దుట్నుంచి రైల్లో కూర్చుని ఉన్నాడు. ఇరవై రూపాయలతో పోయేదానికి ఆలోచనెందుకు?

"వద్దు" అన్నాడు తండ్రి. తెలుగులోనే అన్నాడు. కుర్రాడికి అర్థమైంది. ఆకుపచ్చది పక్కన పెట్టి, షాపులోకి వెళ్లి సన్నటి రాగి తీగ ముక్క తెచ్చాడు. పోయిన ఫ్యూజు రెండు కాళ్లకీ దాన్ని చుట్టేస్తే సరి, ఇల్లు చేరేదాకా ఢోకా లేదని ధైర్యం చెప్పాడు. "అంకుల్‌జీ, రోజుకి పది బళ్లకి చేస్తాను, ఏమీ కాదు."

పెద్దాయన ఆ తీగ ముక్క చేతిలోకి తీసుకున్నాడు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి ఒకసారి తిప్పి చూశాడు. ముప్ఫై నాలుగేళ్లు ఆయన చేసిన పని అదే. విద్యుత్ బోర్డులో హెల్పరుగా చేరి, లైన్‌మన్ అయి, లైన్ ఇన్‌స్పెక్టరుగా రిటైరయ్యాడు. తీగ లావు వేళ్లకే తెలిసిపోతుంది. "ఇది ముప్ఫై దాటి పడుతుంది" అని తిరిగి కుర్రాడి చేతిలో పెట్టేశాడు.

తెలుగువాళ్లకి ఫ్యూజు కొత్త మాట కాదు. బిల్లు కట్టకపోతే లైన్‌మన్ వచ్చి ఫ్యూజు పీకుతాడు. మనిషికి మతి చలిస్తే ఫ్యూజు పోయిందంటారు. పాత ఇళ్లలో మీటరు కింద తెల్లటి పింగాణీ కిట్‌క్యాట్ ఫ్యూజులుండేవి. పరీక్షల రోజుల్లో కరెంటు పోతే టార్చి పట్టుకునే పని పిల్లలది, టిన్ను పూసిన రాగి తీగ చుట్టే పని నాన్నది. ఆ తీగ చేసే పని చాలా చిన్నది. తన గుండా పోవాల్సినదానికంటే ఎక్కువ కరెంటు పోతే వేడెక్కి కరిగిపోవడం. తాను తెగి, తన వెనకున్నవాటిని కాపాడటం. థామస్ ఎడిసన్ తన విద్యుత్ పంపిణీ వ్యవస్థలో భాగంగా 1890లో దీనికి పేటెంటు పొందాడు. కారులోకి వచ్చేసరికి రూపం మారింది. మొదట గాజు గొట్టంలో తీగ. 1976లో అమెరికాకి చెందిన లిటిల్‌ఫ్యూజ్ కంపెనీ రెండు కాళ్ల బ్లేడు ఫ్యూజు తెచ్చింది. ఇప్పుడు ఢిల్లీ రోడ్ల మీద తిరిగే దాదాపు ప్రతి కారులోనూ ఉండేది దాని సంతానమే.

దాని రంగులు అలంకారానికి కాదు. గోధుమ రంగంటే ఏడున్నర ఆంపియర్లు, ఎరుపంటే 10, నీలం 15, పసుపు 20, రంగు లేనిది 25, ఆకుపచ్చ 30. గుర్గావ్ అయినా గుంటూరు అయినా ఇదే లెక్క. చదువు రానివాడు కూడా రంగు చూసి రంగు పెట్టేందుకే ఈ ఏర్పాటు. ఎర్రది పోతే ఎర్రదే పెట్టాలి. అంతకుమించి నేర్చుకోవాల్సిన విద్య అందులో లేదు. కష్టమంతా ఆ ఒక్క మాట పాటించడంలోనే ఉంది.

ఎందుకంటే ఫ్యూజు కాపాడేది దీపాన్ని కాదు. దీపానికి వెళ్లే తీగని. పది ఆంపియర్ల ఫ్యూజు వెనక కంపెనీవాళ్లు వేసే తీగ ఆ పదిని సుఖంగా మోయగలిగినదే. ముప్ఫై ఆంపియర్లు మోసేది కాదు. తీగలో పుట్టే వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. కరెంటు మూడు రెట్లయితే వేడి తొమ్మిది రెట్లు. ఆకుపచ్చ ఫ్యూజు పెట్టినవాడు ఫ్యూజుని తీసేయలేదు, దాన్ని మరో చోటికి మార్చాడు. ఇప్పుడు కరిగేది డాష్‌బోర్డు వెనక, కార్పెట్ కింద, ఎవరికీ కనిపించని చోట తీగ మీది ప్లాస్టిక్ తొడుగు. పక్కన పెట్రోలు గొట్టమో, సీటు స్పాంజో ఉండొచ్చు. వేసవిలో రోడ్డు పక్కన కాలిపోతున్న కారుని చూసి ఎండ వల్ల అనుకునేవాళ్లున్నారు. ఎండకి కారు తనంతట తాను అంటుకోదు. ఎక్కడో ఒక తీగ, ఎవరో ఒకరి తొందర ఉంటాయి.

ఈ నగరానికి ఆ పాఠం పెద్ద అక్షరాల్లోనే ఉంది. 1997 జూన్ 13న గ్రీన్‌పార్కులోని ఉపహార్ సినిమా హాల్లో 'బోర్డర్' ఆడుతుండగా పొగకి ఊపిరాడక 59 మంది చనిపోయారు. మంట మొదలైంది కార్లు నిలిపే కింది అంతస్తులో ఉన్న ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర. అదే ట్రాన్స్‌ఫార్మర్ ఆ ఉదయం కూడా అంటుకుంది. ఆర్పి, పైపైన మరమ్మతు చేసి మళ్లీ కరెంటిచ్చారు. సరిగా బిగించని కేబుల్ సాయంత్రానికి ఊడింది. అప్పటికి పని అయిపోయింది కదా అనుకున్న మనిషి ఎవరో ఉండే ఉంటాడు. తీగ చుట్టిన ప్రతివాడూ అలా అనుకునే చుట్టి ఉంటాడు.

బంకులో పెద్దాయన చేసినదానికీ పంక్చర్ల కుర్రాడు చేసినదానికీ తేడా ఒక్కటే. కుర్రాడు ఫ్యూజు పోయిందని తేల్చి ఆగిపోయాడు. ఆయన అక్కడ మొదలుపెట్టాడు. "ఎందుకు పోయిందిరా?" అని అడిగాడు. కొడుకు దగ్గర సమాధానం లేదు. కారు పాతదై పోయింది, అందుకే అన్నాడు.

"ఫ్యూజు పాతబడి పోదు. ఎక్కువైతేనే పోతుంది. ఏం ఎక్కువైంది?"

బానెట్ ఎత్తించాడు. ఫోను లైటు వేయించి ఎడమ దీపం వెనక రబ్బరు టోపీ ఊడదీయించాడు. బల్బుకి తగిలించే ప్లాస్టిక్ హోల్డరు తెల్లగా ఉండాల్సింది గోధుమ రంగుకి తిరిగింది. ఒక మూల చిన్నగా కరిగింది కూడా. బల్బు చల్లారేదాకా ఆగి, చేతి రుమాలుతో బయటికి తీసి మొదలు మీద ఏముందో చదవమన్నాడు. కొడుకు చదివాడు: 100/90 వాట్లు.

"కారువాడు ఎంత ఇచ్చాడు?"

ఇంకా పాలిథిన్ కవరులోనే ఉన్న పుస్తకం బయటికొచ్చింది. అందులో 60/55 అని ఉంది. పెద్దాయన నోటితోనే లెక్క కట్టాడు. పన్నెండు వోల్టుల మీద 60 వాట్ల బల్బు అయిదు ఆంపియర్లు లాగుతుంది. 100 వాట్లది ఎనిమిది దాటుతుంది. ఇంజను తిరుగుతున్నప్పుడు బ్యాటరీ దగ్గర పద్నాలుగు వోల్టుల దాకా ఉంటుంది కాబట్టి ఇంకాస్త ఎక్కువే. పది ఆంపియర్ల ఫ్యూజు కదా, ఎనిమిదికి ఎందుకు పోవాలి అనిపించవచ్చు. ఫ్యూజు మీద రాసిన అంకెలో మూడు వంతులు దాటి నిలకడగా మోయించకూడదన్నది ఆ విద్యలో అందరూ పాటించే లెక్క. దాటితే వెంటనే పోదు. రోజూ కాస్త వేడెక్కి, కాస్త చల్లారి, నీరసించి ఒక రాత్రి చేతులెత్తేస్తుంది. ఆ రాత్రి ఏ రాత్రన్నది అది చెప్పదు.

"నిన్ను ఎప్పట్నుంచో హెచ్చరిస్తోందిరా. నువ్వు పాటలు వింటున్నావు" అన్నాడు. కోప్పడలేదు, నవ్వాడు. అన్నాక ఆయనకే ఏదో తట్టినట్టు మళ్లీ ఫ్యూజుల మూత మీది పటం దగ్గర వంగాడు. కళ్లజోడు సర్దుకుని వేలుతో ఒక్కో గడీ దాటుకుంటూ పోయి, ఒక దగ్గర ఆగాడు. స్టీరియో. దానికీ ఎర్రదే. పది ఆంపియర్లు.

కారు స్విచ్చులన్నీ ఆపించి, తాళంచెవి తీయించి తన చేతిలో పెట్టుకున్నాడు. లైను మీద పని చేసేవాడు సబ్‌స్టేషన్ నుంచి ఎల్‌సీ తీసుకోకుండా స్తంభం ఎక్కడు. తాళంచెవి చేతిలో ఉండటమే ఇక్కడ ఎల్‌సీ. బాక్సులో ఉన్న చిన్న ప్లాస్టిక్ పట్టకారుతో స్టీరియో ఫ్యూజు లాగించి, దీపం గడీలో నొక్కించాడు. ఎడమ దీపం వెలిగింది. "ఇంటిదాకా కింది దీపమే. పైది వేశావా, ఇదీ పోతుంది. ఇది పోతే మూడోది పెట్టకూడదు, బండి ఇక్కడే వదిలేసి ఆటోలో పోదాం."

పంక్చర్ల కుర్రాడు చేతులు కట్టుకుని ఇదంతా చూస్తున్నాడు. ఇవ్వబోయిన డబ్బులు మొదట వద్దన్నాడు, తానేమీ చేయలేదు కదా అని. పెద్దాయన యాభై రూపాయల నోటు అతని చొక్కా జేబులో పెట్టి, మధ్యలో కొడుకుని నిలబెట్టి ఒక మాట చెప్పించాడు: డబ్బాలో ఎర్రవీ నీలంవీ ఉంచుకో, ఆకుపచ్చది అడిగినవాడికే ఇయ్యి, తీగ మాత్రం ఎవరికీ చుట్టకు. కుర్రాడు తలూపాడు. రేపు పొద్దున ఆ మాట గుర్తుంటుందో లేదో చెప్పడం కష్టం. ఎర్ర ఫ్యూజు అయిదు పది రూపాయల సరుకు. అది డబ్బాలో లేకపోవడం, తీగ ముక్క ఉచితంగా ఉండటం, బండివాడికి ఎప్పుడూ తొందరే కావడం, ఈ మూడూ కలిస్తే జుగాడ్ అనే మాట పుడుతుంది. ఉత్తరాదిన దాన్ని తెలివి అని మెచ్చుకుంటారు. చాలాసార్లు అది తెలివే. కొన్నిసార్లు అప్పు. తీర్చేది మాత్రం చేసినవాడు కాకపోవచ్చు.

మళ్లీ ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కారు. నలభై దాటకుండా ఎడమ పక్కగా నడుపుతున్నాడు కొడుకు. స్టీరియో లేదు కాబట్టి కారులో నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో పెద్దాయన, అడగకుండానే, ఇన్నేళ్లలో ఇంట్లో ఎవరికీ చెప్పని సంగతి చెప్పాడు.

అప్పటికి ఆయన లైన్‌మన్ అయి ఆరేళ్లు. దాళ్వా పంట, వెన్నుపట్టే సమయం. ఊళ్లో పెద్ద రైతు ఒకాయన మోటార్లకి ట్రాన్స్‌ఫార్మర్ ఫ్యూజు రోజుకి రెండుసార్లు పోతోంది. లోడు ఎక్కువ, ట్రాన్స్‌ఫార్మర్ చిన్నది. పెద్దది వేయమని కాగితం పెడితే నెలలు పట్టేది. "ఫ్యూజు కట్టడానికి నీ వెనక తిరగలేం, లావు తీగ వేసెయ్యి" అన్నాడు రైతు. ఒకసారి కాదన్నాడు. రెండోసారి చేను ఎండిపోతోందని చూపించారు. మూడోసారి ఏబీ స్విచ్ తీసి, ఎక్కి, రెండు పోగులు కలిపి కట్టేశాడు. ఫ్యూజు మళ్లీ పోలేదు. చేను పండింది. రైతు బస్తా బియ్యం పంపించాడు.

పంట కోతలయ్యాక ఒక గాలివాన రాత్రి తీగ తెగి చేలో పడింది. పొద్దున్నే పశువుల్ని తోలుకుపోయిన పదహారేళ్ల కుర్రాడు తడి గట్టు మీద దాన్ని తొక్కాడు. ఫ్యూజు పోలేదు. తీగలో కరెంటు అలాగే ఉంది.

"సరైన తీగ ఉంటే కొట్టేసేదా నాన్నా?" అని అడిగాడు కొడుకు, చాలాసేపటికి.

"ఏమో. కింద పడిన లైను ఒక్కోసారి సరైన ఫ్యూజుకీ దొరకదు. కొట్టేసేదో లేదో నేను చెప్పలేను, ఇంకెవరూ చెప్పలేరు. కానీ నేను కట్టింది మాత్రం కొట్టేసే వీలే లేదు. అది నాకు తెలుసు."

విచారణలో గాలివాన అని రాశారు. ఎవరూ ఆయన్ని తప్పుపట్టలేదు. ఆ ఫ్యూజు ఎవరు కట్టారని కూడా అడగలేదు. ఆ కుర్రాడి తల్లి తర్వాత చాలా ఏళ్లు ఆ ఊళ్లోనే ఉంది. బిల్లు కట్టడానికి వస్తే ఆయనతోనే మాట్లాడేది. "బాగున్నారా బాబూ" అని ఆవిడే ముందు పలకరించేది.

కొడుక్కి అప్పుడు ఒక పాత రాత్రి గుర్తొచ్చింది. ఇంటర్ పరీక్షలు, మర్నాడు ఫిజిక్సు పేపరు. ఇంట్లో ఫ్యూజు పోయింది. సరైన తీగ అయిపోయింది. పక్కింటాయన లావుపాటి తీగ ముక్క తెచ్చిస్తే నాన్న తీసుకోలేదు. లాంతరు వెలిగించి చదువుకోమన్నాడు. కరెంటాఫీసులో పనిచేసే మనిషి ఇంట్లో పిల్లవాడు లాంతరు కింద చదవడం వీధంతా నవ్వుకుంది. ఇరవై ఏళ్లకి పైగా ఆ కోపం అతని మనసులో ఒక మూల అలాగే ఉంది. నాన్న చాదస్తం అనే పేరుతో ఉంది. ఆ రాత్రి గ్రేటర్ నోయిడా పరీ చౌక్ దాటేసరికి దానికి ఆ పేరు సరిపోలేదు.

ఇంటికి చేరేసరికి ఒంటిగంటన్నర. మనవరాలు నిద్రపోలేదు. పూతరేకుల పొట్లం విప్పకముందే తాతయ్య జేబులోంచి ఎర్రటి ప్లాస్టిక్ ముక్క తీసి దాని చేతిలో పెట్టాడు. పోయిన ఫ్యూజు. "ఇదేంటి తాతయ్యా, విరిగిపోయిందిగా?" అంది. "విరగలేదమ్మా, పని చేసింది" అన్నాడు.

శనివారం తండ్రీ కొడుకులు కశ్మీరీ గేటుకి వెళ్లారు. మోటారు విడిభాగాలకి దేశంలోనే పేరున్న బజారు అది. ఇరుకు సందుల్లో గేరుబాక్సులు, అద్దాలు, హారన్లు గుట్టలుగా ఉంటాయి. ఒక షాపులో 60/55 బల్బుల జత అడిగితే షాపు కుర్రాడు నవ్వాడు. ఈ రోజుల్లో ఇవి ఎవరు అడుగుతున్నారు సర్, ఎల్‌ఈడీలు తీసుకోండి, 100/90 తీసుకోండి అని రెండు డబ్బాలు ముందు పెట్టాడు. కొడుకు తన అసలు డబ్బానే చూపించాడు. కరిగిన హోల్డరుకి బదులు కొత్తది, ఎర్రవి అయిదు, నీలంవి అయిదు, పసుపువి రెండు ఫ్యూజులు. అన్నీ కలిపినా ముందు ఆ పెద్ద బల్బులకి పెట్టినదానికంటే తక్కువే అయింది. ఆ రాత్రి ఆకుపచ్చది పెట్టి ఉంటే వైరింగు మొత్తం మార్చడానికి ఎంతవుతుందని పక్కనే ఉన్న ఎలక్ట్రీషియన్‌ని మాటవరసకి అడిగారు. ముందు బండి మిగలాలి కదా, అన్నాడు అతను.

బల్బులు పెద్దాయనే బిగించాడు. హాలోజన్ బల్బు గాజుకి వేళ్లు తగలకూడదు. చర్మం మీది జిడ్డు అంటుకున్న చోట గాజు ఎక్కువ వేడెక్కి బల్బు ముందే పోతుంది. అందుకని గుడ్డతో పట్టుకున్నాడు. స్టీరియో ఫ్యూజు దాని గడీలోకి తిరిగి వెళ్లింది. మనవరాలు పక్కన నిలబడి మూత మీది పటం చదువుతూ ఒక్కో రంగుకీ అంకె చెప్పింది. అయిదు నిమిషాల్లో దానికి అన్నీ వచ్చేశాయి. వాళ్ల నాన్నకి అదే పనికి నాలుగేళ్లు పట్టింది.

కొత్త కార్లలో ఈ ముచ్చట తగ్గిపోతోంది. దీపాలు ఎల్‌ఈడీలయ్యాయి, తక్కువ కరెంటు లాగుతాయి. చాలావాటిలో ఏం పోయిందో కంప్యూటరే తెర మీద చెబుతుంది. ఎలక్ట్రిక్ కారులోనైతే నారింజ రంగు తొడుగున్న హైవోల్టేజి తీగల జోలికి బండి యజమాని అసలు వెళ్లకూడదు. అయినా వాటిలో కూడా దీపాలకీ వైపర్లకీ హారన్‌కీ పన్నెండు వోల్టుల బ్యాటరీ ఒకటి వేరే ఉంటుంది, దాని పక్కన ఫ్యూజుల పెట్టె ఉంటుంది. ఎర్రది పది, నీలం పదిహేను. దాన్ని మాత్రం ఇంకా ఎవరూ మార్చలేదు.

పెద్దాయన ఫిబ్రవరి దాకా ఉన్నాడు. వెళ్లేటప్పుడు మళ్లీ రాత్రి రైలే. మంచు ఇంకా పూర్తిగా పోలేదు. ఎక్స్‌ప్రెస్‌వే మీద ఎదురుగా ఎవడో కళ్లు బైర్లు కమ్మేలా హైబీమ్ వేసుకుని వచ్చాడు. కొడుకు చెయ్యి అలవాటుగా దీపాల మీట మీదికి వెళ్లింది. పక్కన తండ్రి ఏమీ అనలేదు. ఆ చెయ్యి కాసేపు అక్కడే ఉండి, తిరిగి స్టీరింగు మీదికి వచ్చింది.